మైలగొట్టం

మిషన్ కదలడం లేదని మాకు ఏప్రిల్‌లో తెలిసింది. అప్పటిదాకా దాని మీద కప్పిన పాత పంచె ఎవరూ తీయలేదు.

అది మేజోళ్ళు అల్లే మిషన్. కరెంటుతో పని లేదు, చేత్తో తిప్పాలి. బల్ల అంచుకు బిగించి ఉంటుంది. నిలువు చాళ్ళున్న ఒక ఇనుప గొట్టం, ప్రతి చాలులో ఒక సూది, పక్కన చెక్క పిడి. పిడి తిప్పితే సూదులు వరసగా లేచి, దారం అందుకుని దిగుతాయి. అల్లిక గొట్టంలా కిందికి జారుతుంది. కాకినాడలో ఒక మిషనరీ బడి మూతపడినప్పుడు మావారు దాన్ని వేలంలో కొన్నారు. సోమాజిగూడలో ఆఫీసు నుంచి వచ్చాక, ఆదివారాల్లోనూ దాని ముందు కూర్చునేవారు. పంజాగుట్టలో నేను తెలుగు చెప్పే బడిలో చిన్న తరగతుల తెల్ల సాక్సులన్నీ ఆ మిషన్ మీద అల్లినవే. వేళ్ళ దగ్గర కుట్టి మూయడం మా వదిన పని.

వదిన అంటే మావారి అక్క, వరలక్ష్మి. పెళ్ళి చేసుకోలేదు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, వజ్రమ్మగారి మేడ మీద వాటాలో ముగ్గురం ఉండేవాళ్ళం. తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో మావారు పోయారు. ఆ తర్వాత మా ఇద్దరి చుట్టరికానికి పేరు మిగిలింది కానీ, ఆ పేరుకు కారణమైన మనిషి లేరు.

పంచె తీసిన రోజు ఉదయం మావారి తమ్ముడు కామరాజు వచ్చాడు. కూకట్‌పల్లిలో ఉంటాడు. కొత్తగా కర్రీ పాయింట్ తెరుస్తున్నాడు.

"కంప్యూటర్ నేర్చుకునే హాస్టలు కుర్రాళ్ళు అన్నం కుక్కర్లో పడేసుకుని కూర కోసం రోడ్డెక్కుతున్నారు వదినా. అక్కయ్య చేతి గుత్తివంకాయ ఒక్కసారి తిన్నారంటే జావా వాళ్ళూ కోబాల్ వాళ్ళూ మన గుమ్మంలోనే కాపురం ఉంటారు," అన్నాడు. "జూన్ మొదటివారంలో ముహూర్తం. అప్పుడే అక్కయ్యని తీసుకెళ్ళిపోతాను. తనకీ కాలక్షేపం, మీకూ భారం తగ్గుతుంది."

వదిన వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆవిడను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఉంటారా అని అడిగితే ఉండమని కట్టేసినట్టు, వెళ్తారా అని అడిగితే పొమ్మన్నట్టు. రెంటిలో ఏది అనడానికీ నాకు హక్కు ఉందనిపించలేదు.

మాకు పిల్లలు లేరు కనుక అన్నగారి కర్మ కామరాజే చేశాడు. ఏడాది పొడుగునా నెలనెలా పెట్టాల్సిన మాసికాలు కూడా, షాపు ముహూర్తానికి అడ్డు రాకుండా, అన్నీ కలిపి మార్చిలోనే పెట్టించేశాడు. అలా వెసులుబాటు ఉందని పంతులుగారు చెప్పారట. ఆ సంగతి చెప్పేటప్పుడు కామరాజు నా ముఖం చూడలేదు. 

అతను వెళ్ళాక వదిన చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది.

"మిషన్ ఒకసారి తిప్పి చూద్దామా హైమా?"

పంచె తీసింది. సూదులకు సగం అల్లిన సాక్సు ఒకటి వేలాడుతోంది. ఆవిడ పిడి పట్టుకుంది. కదలలేదు. నేను పట్టుకున్నాను. కదలలేదు. సూదుల మొదళ్ళలో గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది.

"నేనే," అంది వదిన. "పదకొండో రోజున ఆముదం పోసి పంచె కప్పాను. ఊరికే పడుంటే తుప్పు పడుతుందేమోనని. మా నాన్న బండి ఇరుసుకి అదే పోసేవాడు."

"ఎంత పోశారు?"

"గిన్నెడు."

"ఇది బండి కాదు కదా వదినా."

"ఇప్పుడు తెలిసిందిగా." పిడి మీంచి చెయ్యి తీయలేదు. "ఇది నడిస్తే జూన్‌లో మీ బడి సాక్సులు అల్లొచ్చు. చేతి నిండా పనున్న మనిషిని మధ్యలో లేపి ఎవరు మాత్రం తీసుకెళ్తారు?"

నాతో అన్నట్టు కాదు, మిషన్‌తో అన్నట్టు అంది. మరదలి ఇంట్లో ఊరికే ఉండిపోవడానికి ఆవిడకు కారణం కావాలి. మిషన్ నడిస్తే అది దొరుకుతుంది. నడవకపోతే కూకట్‌పల్లి.

సెలవులు ఇచ్చాక పని మొదలుపెట్టాం. ముందు ఆ సగం సాక్సు తీయాలి.

"కత్తిరించెయ్యనా?" అన్నాను.

"ఎందుకు కత్తిరించడం? కుట్లు జారకుండా దారం ఎక్కిస్తాను."

కుట్టు సూదితో ఒక్కో కుట్టులోంచి నల్ల దారం లాగుతూ చుట్టూ తిరిగి వచ్చింది. చివరి కుట్టు వదలగానే సగం సాక్సు ఆవిడ ఒళ్ళో పడింది. దాన్ని చేత్తో ఒకసారి సాపు చేసి పక్కన పెట్టింది.

సూదులన్నీ ఊడదీసి కిరసనాయిలు గిన్నెలో వేశాం. మైత్రీవనం ముందు పంచే కంప్యూటర్ కోర్సుల కాగితాలు ఇంట్లో కట్టలుగా ఉండేవి. బడి నుంచి నడిచి వస్తుంటే నా చేతిలో కూడా పెట్టేవారు, వయసు చూడకుండా. వాటిని నేల మీద బోర్లా పరిచి, తుడిచిన సూదులు వాటి మీద ఆరబెట్టాం. చాళ్ళలో ఇరుక్కున్న నూలు పీచు తీయడానికి గట్టి బ్రష్షు కావలసి వచ్చింది. వదిన లోపలికి వెళ్ళి, మావారు మీసాలకు రంగు వేసుకునే చిన్న బ్రష్షు తెచ్చింది. దాని చివర ఇంకా నల్లగానే ఉంది. ఆవిడ నన్ను అడగలేదు. నేను కిరసనాయిలు గిన్నె ఆవిడ వైపు జరిపాను.

ప్రతి సూదికీ కొన దగ్గర వెంట్రుకంత నాలుక ఉంటుంది. అది తేలికగా తెరుచుకుని మూసుకుంటేనే కుట్టు పడుతుంది. నాకు ఆ పని అప్పగించింది. ఒకటి ఎంతకీ తెరుచుకోకపోతే గోటితో నొక్కాను.

"మెల్లగా. తెలుగు టీచరు నాలుక అనుకున్నావా, చెప్పగానే ఆడటానికి?" అంది.

ఫిబ్రవరి తర్వాత ఆవిడ నన్ను ఎకసెక్కం ఆడటం అదే మొదలు.

వజ్రమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"గ్యాస్‌నూనె వాసన కిందిదాంక కొడుతుంది టీచరమ్మా. ఏం జేస్తున్నరు, ఇల్లు గిట్ల తగలవెడ్తరా?"

"కిరసనాయిలండీ," అంది వదిన. "సూదులు నానబెట్టాం."

"మీకు కిరసనాయిలు, మాకు గ్యాస్‌నూనె. అంటుకుంటె రెండూ ఒక్కతీర్గనే అంటుకుంటయ్." గుమ్మంలో కూర్చుని అన్నీ చూసింది. "గీ మిషిని అమ్మెయ్యరాదు? గీ ముందల రూముల ఇద్దరు పోరగాళ్ళను వెడ్తె మస్తుంటది. కంప్యూటర్ నేర్చుకునేటోళ్ళు, పొద్దున పోతే రాత్రికే వస్తరు. పెద్దమ్మ సుత తమ్మునింటికి పోతున్నదాయె, నీకు జర తోడుంటది."

"తోడు ఉంది కదండీ," అన్నాను.

వదిన తల ఎత్తలేదు. చేతిలో సూదిని తుడుస్తూనే ఉంది. వజ్రమ్మగారు లేచి వెళ్ళాక కూడా ఆ ఒక్క సూదినే తుడుస్తూ ఉంది.

మే నెలలో మిషన్‌ను మళ్ళీ కూర్చాం. కొక్కేలన్నీ బయటికి చూసేలా సూదులు చాళ్ళలో దించి, చుట్టూ స్ప్రింగు బిగించి, కుట్టుమిషన్ నూనె చుక్కలు వేశాం. పిడి మొదట గరగరమంది, తర్వాత తిరిగింది. అల్లిక ఎప్పుడూ ఖాళీ సూదుల మీద మొదలవదు. కింద బరువు కట్టి లాగడానికి పాత ముక్క ఒకటి ఉండాలి. వదిన పక్కన పెట్టిన సగం సాక్సు తీసి, దాని కుట్లు ఒక్కొక్కటే సూదులకు తిరిగి తగిలించింది. దాని మీదనే అల్లిక మొదలుపెట్టింది.

నూనె వేసిన మిషన్ నుంచి మొదట వచ్చే అల్లిక పనికిరాదు. మిగిలిన జిడ్డు, నలుపు అంతా దారమే లాక్కుంటుంది. అందుకని పాత నూలు పెట్టి, తెల్లగా దిగేదాకా ఊరికే గొట్టం అల్లుతూ పోవాలి. మావారు దాన్ని మైలగొట్టం అనేవారు. 'మైల పోయిందా?' అని అడిగేవాళ్ళం, సాక్సులు మొదలుపెట్టారా అనడానికి బదులు. మైల అంటే అసలు అర్థం మాపు, మురికి. చావు మైల, పురుటి మైల తర్వాత వచ్చి చేరాయి. ఇప్పుడు ఆ తర్వాత వచ్చినవే అందరికీ గుర్తు.

గొట్టం బూడిదరంగులో దిగుతూ ఉంది. మధ్యాహ్నాలు కరెంటు పోయినా వదిన తిప్పడం ఆపేది కాదు. మడమ దగ్గర పిడిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. అది ఆవిడకు చూసి తెలుసు కానీ చేసి తెలియదు. ఎలాగూ పారేసే గొట్టమే కదా అని దాని మీదే మడమలు నేర్చుకుంది. ఒక్కో మడమ దగ్గర గొట్టం ఉబ్బేది.

"గిదేంది," అంది వజ్రమ్మగారు ఒకరోజు వచ్చి, నేల మీద పడి ఉన్నదాన్ని చూసి. "ఎలుకల్ని మింగిన కొండచిలువ లెక్కున్నది."

"మీ రూము కుర్రాళ్ళకి చెప్పండి, ఇక్కడ పాముందని," అంది వదిన.

మే చివరి వారంలో కామరాజు వచ్చాడు. స్కూటరు హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. వదిన వీపు అతని వైపు ఉంది. గొట్టం ఆవిడ ఒళ్ళోకి దిగుతోంది. అతనున్న చోటికి అది కనపడదు.

"సామాను సర్దుకున్నావా అక్కయ్యా? గురువారం బాగుందన్నారు."

"ఎక్కడరా," అంది వదిన, సూదుల మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా మైల పోలేదు."

కామరాజు హెల్మెట్ చెయ్యి మార్చుకున్నాడు.

"పోలేదా?"

"ఎక్కడ పోయింది? రోజూ చూస్తూనే ఉన్నాం. తొందరపడితే పోయేదేనా ఇది? ఎంత కాలం పట్టాలో అంతా పట్టాల్సిందే."

"పంతులుగారు ఏం ఫరవాలేదన్నారే."

"దీని సంగతి పంతులుగారికేం తెలుసురా?"

అతను గోడ మీద అన్నగారి ఫొటో వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"అయితే షాపు..."

"ఏదో ఒకటి చేద్దువుగాని, ఉండు, దారం తెగేలా ఉంది." పిడి ఆపి ముడి సరిచేసింది. "మైల ఉండగా మంచిది మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే అదీ పాడవుతుంది." మంచిది అంటే ఆవిడ ఉద్దేశం మంచి నూలు. అది బల్ల మీద కాగితంలో చుట్టి ఉంది.

కామరాజు నా వైపు తిరిగాడు. "నిజమేనా వదినా?"

పిల్లల కాగితాల్లో తప్పు అర్థంలో వాడిన మాట కింద ఎర్ర గీత గీయడం నా ఉద్యోగం. ఇక్కడ అర్థం సరిచేయడానికి ఒక్క వాక్యం చాలు.

"ఆవిడ చెప్పింది నిజమే," అన్నాను.

అతను తల ఊపాడు. "నేను ఫోన్ చేసి కనుక్కుంటాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. స్కూటరు చాలాసేపటికి గానీ కదలలేదు.

"కాఫీ అయినా తాగకుండా పోయాడేం?" అంది వదిన.

"మైల ఇంట్లో ఎందుకులే అనుకుని ఉంటాడు."

పిడి ఆగింది. ఆవిడ తిరిగి నన్ను చూసింది. అర్థమవడానికి కొంచెం టైం పట్టింది.

"పిచ్చి సన్నాసి," అంది. "మాసికాలు అనుకున్నాడా? మరి నువ్వు చెప్పొద్దూ?"

"నిజమా కాదా అనే అడిగాడు."

"అబ్బో. మాటలు తూచి వాడటం వస్తే ఇంత లాభం ఉంటుందన్నమాట," అని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత మూడు నాలుగు రోజులకే గొట్టం తెల్లబడింది. మల్లెపువ్వులా ఏమీ కాదు, పాత నూలు ఎంత తెలుపో అంత. నేను చూశాను. ఆవిడా చూసింది. ఆవిడ మంచి నూలు తీయలేదు, నేను తీయమనలేదు. తెల్లబడిందని ఎవరు ముందు అంటే వాళ్ళు కూకట్‌పల్లి గురించి మాట్లాడాల్సి వస్తుంది. గొట్టం పొడుగవుతూ పోయింది. మడమలు మాత్రం బాగా కుదిరాయి. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. సాక్సుల సంగతి ఏం చేశారని హెడ్మిస్ట్రెస్ కబురు పంపింది. ఒక వారం గడువు అడిగాను.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం వజ్రమ్మగారు కింద నుంచి పిలిచింది. "టీచరమ్మా, ఫోను. కూకట్‌పల్లి నుంచి."

మా వాటాలో ఫోన్ లేదు. వజ్రమ్మగారి హాల్లో, టీవీ పక్కన ఒకటి ఉండేది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ టీవీ చప్పుడు తగ్గించి పక్కనే కూర్చునేది.

"ముహూర్తం వాయిదా వేశాను వదినా," అన్నాడు కామరాజు. గొంతు బాగాలేదు. "అక్కయ్య చెప్పిందే నిజం. నా అవసరం కోసం అన్నయ్య మాసికాలు లాగిపెట్టేశాను. ఆ రోజు నుంచి తిండి సయించడం లేదు. మళ్ళీ విడివిడిగా పెట్టమంటే పెడతాను. అడిగి చెప్పండి."

దీన్ని ఇక్కడిదాకా రానివ్వాలని నేను అనుకోలేదు.

"కామరాజూ, విను," అన్నాను. "నువ్వు పెట్టినదాంట్లో లోపం ఏమీ లేదు. మీ అక్కయ్య అన్నది మిషన్ గురించి. మైలగొట్టం గురించి. అన్నయ్య అనేవారు, గుర్తులేదా?"

 "గొట్టమా?" అన్నాడు.

"గొట్టమే. అది కూడా తెల్లబడి వారం అయింది."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వినిపించింది. వజ్రమ్మగారు టీవీ వైపు చూస్తున్నట్టు కూర్చుని, చప్పుడు పూర్తిగా తీసేసింది.

"అయితే అక్కయ్య వచ్చేస్తుందా వదినా?"

"అది నన్ను అడుగుతావేం? మీ అక్కయ్యకి నోరుంది. ఉండు, పిలుస్తాను. ఆవిడనే అడుగు."

నా గొంతు కొంచెం పెద్దదయినట్టుంది. వజ్రమ్మగారు నా వైపు చూసింది.

మెట్ల కింద నిలబడి, "వదినా, కామరాజు. మీతో మాట్లాడాలట," అన్నాను.

పైన మిషన్ చప్పుడు ఆగింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చింది. ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళు ఉన్నా ఆవిడకు ఫోన్ రావడం తక్కువ. రిసీవరు తిరగేసి పట్టుకుంటే వజ్రమ్మగారు సరిచేసింది.

"చెప్పరా," అంది. విన్నది. "సర్లే, అదేం లేదు. నాకేం కోపం. ఊఁ. ఊఁ."

తర్వాత రిసీవరు ఇంకొంచెం దగ్గరగా నొక్కుకుంది.

"ఏమన్నావు? మళ్ళీ అను," అంది.

అతను మళ్ళీ అన్నాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"రాను నాన్నా," అంది మెత్తగా. "షాపు తెరిచే రోజు వస్తాను. రెండు రోజులుండి మీ ఆవిడకి కూరలు చూపించి వస్తాను. ఉండిపోవడానికి మాత్రం రాను. మా ఇంట్లో నాకు పనుంది."

"మీ ఇల్లు ఎన్నడైందమ్మా," అంది వజ్రమ్మగారు నెమ్మదిగా, నాతో. "కిరాయి ఇల్లాయె."

వదిన రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం ఆగండి వజ్రమ్మగారూ, మాట్లాడుతున్నాను," అంది. మళ్ళీ తమ్ముడితో, వేళకు తినమని చెప్పి, ఫోన్ పెట్టేసింది. రిసీవరు సరిగ్గా కూర్చుందో లేదో తడిమి చూసింది.

నేను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను. ఆవిడ నా దాకా వచ్చి ఆగింది.

"నన్నే అడిగాడు హైమా," అంది.